వాషింగ్ మెషీన్ ముందు కూర్చున్న టీచరమ్మ

పెద్ద టీచర్ పోయారన్న కబురు ఆదివారం పొద్దున్న, నేను మా శ్రావ్య లంచ్ డబ్బాలో పెరుగన్నం సర్దుతుండగా వచ్చింది. ఆవిడ నడిపిన నర్సరీలో సహాయ టీచరుగా పనిచేసే మలయాళీ అమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ అది. "దీదీ, మేడమ్ చలీ గయీ" అన్న మాట ఒక్కటే స్పష్టంగా వినపడింది. తర్వాతంతా ఏడుపే. నేను డబ్బాకి మూత పెట్టాను, స్పూను వేశాను, శ్రావ్య జడ ఇంకోసారి సరిచేశాను. ఇక్కడ మస్కట్‌లో ఆదివారాలు బడి ఉంటుంది, స్కూలు బస్సు వస్తే ఎక్కించాను. బస్సు సందు మలుపు తిరిగాక మా బిల్డింగ్ మెట్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆవిడకి నచ్చదు. పిల్లలందరికీ ఆవిడ ఉత్త 'టీచర్'. మిగతా టీచర్లతో కలిసిపోకుండా ఉండడానికి మేం తల్లులం మాత్రం 'పెద్ద టీచర్' అనేవాళ్లం. నిజానికి మనిషి పొట్టి. అరవై దాటిన వయసు, ఇస్త్రీ చేసిన నూలు చీర, కాళ్లకి తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. ఊరు హన్మకొండ. భర్త ఇక్కడొక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్‌గా చేసేవారు. ఆయన వెంట మస్కట్ వచ్చి, ఇక్కడే చిన్నపిల్లల చదువులో శిక్షణ తీసుకుని టీచరయ్యారు. ఆయన పోయాక కూడా తిరిగి వెళ్లలేదు. సొంత పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "లేరని ఎవరు చెప్పిన్రు? పొద్దుగాల మా గేటు కాడికి వచ్చి చూడుండ్రి" అని నవ్వేసేవారు.

మాది కాకినాడ. మా ఆయన మస్కట్‌లోనే ఖురం ప్రాంతంలో ఒక ఆఫీసులో ఇంజినీరు. శ్రావ్య ఇక్కడే పుట్టింది. వినడానికి సొంపుగా ఉంటుందని, నేనూ మా అత్తగారూ పోట్లాడుకోకుండా ఒప్పుకున్న పేరు అదొక్కటే. మూడో ఏడు వచ్చేసరికి మాకు తెలిసింది. మా పిల్ల మాట్లాడదు. పిలిస్తే తిరిగి చూడదు. మిక్సీ వేస్తే రెండు చెవులూ మూసుకుని గోడకి అతుక్కుపోతుంది. డాక్టరు ఆటిజం అని చెప్పి, ఈ వయసులో మిగతా పిల్లల మధ్య పెరగడం చాలా మంచిదని, ఓ నర్సరీలో వేయమని చెప్పారు.

వేయమని చెప్పడం తేలికే. మొదట చేర్పించిన చోట వారం తిరక్కముందే, "ఇలాంటి పిల్లలకి మా దగ్గర ఏర్పాట్లు లేవండీ" అని మర్యాదగా పంపేశారు. రెండో చోట ఫోనులో ఖాళీలున్నాయన్నారు. శ్రావ్యని తీసుకుని వెళ్లి నిలబడ్డాక ఖాళీలు లేవన్నారు. ఆ రోజు కారులో తిరిగి వచ్చేశాం. వెనక సీట్లో శ్రావ్య కిటికీ అద్దం మీద వేలితో సున్నాలు చుడుతూ కూర్చుంది.

తర్వాత, మా లిఫ్టులో కలిసే ఒకావిడ చెప్పారు, హమ్రియా వెనక సందులో ఒక పాత విల్లాలో నర్సరీ ఉందని, అక్కడి టీచరు మన తెలుగావిడేనని. ఆశ పెట్టుకోకుండానే వెళ్లాను. మూడోసారి కాదనిపించుకోవడం ఎందుకని మా ఆయన రాలేదు.

పెద్ద టీచర్ గుమ్మంలోనే ఎదురొచ్చారు. తర్వాత తెలిసి కాదనేకంటే ముందే చెప్పేయడం నయమని నేనే మొదలుపెట్టాను. "మాట్లాడదండీ. కూర్చోమంటే కూర్చోదు. పిలిస్తే పలకదు. గట్టిగా శబ్దమైతే తట్టుకోలేదు. డైపర్ కూడా పూర్తిగా మానలేదు..."

"అవన్ని తర్వాత చూస్కుందం గని, ఏమంటె ఇష్టం బిడ్డకు?" అన్నారావిడ.

అంతవరకు ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. కాసేపు తడుముకుని, సిగ్గుపడుతూ, "వాషింగ్ మెషీనండీ. ఇంట్లో బట్టలు వేస్తే అయ్యేదాకా దాని ముందు నుంచి లేవదు" అన్నాను.

"అట్లనా? మా కాడ గూడ ఉన్నది. పా, పోదాం."

ఆవిడ శ్రావ్య చెయ్యి పట్టుకోలేదు. దాని ముఖంలోకి వంగి పలకరించలేదు. తన దారిన తాను ముందు నడిచారు. విల్లా వెనక చిన్న గదిలో మెషీన్ ఉంది. పిల్లలు రంగులు వేసేటప్పుడు కట్టుకునే ఏప్రాన్లు, మధ్యాహ్నం పడుకునే దుప్పట్లు అందులో ఉతుకుతారు. ఆవిడ నాలుగు ఏప్రాన్లు లోపల వేసి, బటన్ నొక్కి, చీర సర్దుకుని నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. మెషీన్ గుండ్రటి అద్దం వెనక నీళ్లు చేరాయి. శ్రావ్య వచ్చి ఆవిడకి కాస్త ఎడంగా కూర్చుంది. ఇద్దరూ అలా చూస్తూ ఉండిపోయారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా కూతురి పక్కన కూర్చుని, నా కూతురు చూసేదాన్నే చూసిన మొదటి మనిషి ఆవిడ. నేను కూడా ఎప్పుడూ అలా కూర్చోలేదు. మెషీన్ తిరుగుతుండగా నేను వంట ముగించుకునేదాన్ని.

మెషీన్ ఆగాక ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి, "రేపు తోలియ్యి" అన్నారు. అంతే, అదే అడ్మిషన్.

అలా మా శ్రావ్యకి నర్సరీ అంటే ఆ గదే అయింది. పొద్దున్నే గేటు దాటగానే నేరుగా వెనక గదికి పోయేది. మిగతా పిల్లలు ముందు హాల్లో చాప మీద గుండ్రంగా కూర్చుని పాటలు పాడుకుంటుంటే ఇది మెషీన్ ముందు. మొదట్లో పెద్ద టీచర్ కూడా దాన్ని మెల్లగా హాల్లోకి తెచ్చే ప్రయత్నం చేశారు. ఒకరోజు ఎత్తుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టారు. శ్రావ్య తన చేతిని తనే కొరుక్కుంది. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆ చెయ్యి చూపించి, "నేను చేసిన పని ఇది. ఎత్తుకొని తేవద్దుండె. మల్ల చెయ్యను" అన్నారు. ఒక టీచరు తల్లిదండ్రులకి అలా చెప్పడం నేనెక్కడా వినలేదు.

మరుసటి వారం నేను వెళ్లేసరికి హాలు ఖాళీగా ఉంది. వెనక నుంచి పాట వినిపిస్తోంది. వెళ్లి చూస్తే చాప ఆ చిన్న గదిలో ఉంది. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడుతూ మెషీన్ ముందు ఇరుక్కుని కూర్చున్నారు. చోటు చాలక ఇద్దరు గుమ్మం అవతల. పాట గుసగుసగా పాడుతున్నారు, అదో ఆట అన్నట్టు. లోపల ఏ రంగు ఏప్రాన్ పైకి వస్తే ఆ రంగు పేరు అందరూ చెప్పాలి. ఎరుపు! పసుపు! మళ్లీ ఎరుపు! మధ్యలో శ్రావ్య, ఎవరినీ చూడకుండా, ఎవరూ తనని కదపకుండా. సహాయ టీచరు కంగారుగా నా వంక చూసి నవ్వింది. పెద్ద టీచర్ మాత్రం, "పిల్ల క్లాసులకు రాకపోతె క్లాసే పిల్ల కాడికి పోతది. మనకు కాళ్లున్నయి గదా" అన్నారు.

తర్వాత కొన్ని నెలల పాటు ఆ చాప తిరుగు ప్రయాణం చేసింది. ముందు గుమ్మం దాకా, తర్వాత నడవాలోకి, తర్వాత హాలు మొదట్లోకి. ఎంత నెమ్మదిగా అంటే, జరుగుతోందని శ్రావ్యకే కాదు, నాకూ తెలియలేదు. ఒకరోజు చూస్తే అది హాల్లో, పిల్లల వరసలో, వీపు అందరివైపు తిప్పి కూర్చుని ఉంది. "వీపు ఇటు పెట్టిందే" అన్నాను నేను, కాస్త చిన్నబుచ్చుకుని.

"చెవులు ఇటే ఉన్నయి గదనే" అన్నారు పెద్ద టీచర్. "అందరు ఒక్క తీర్గనే కూసోవాలని ఎవరు రాసిపెట్టిన్రు?"

గోడ మీద బొమ్మల కార్డులు అతికించారు. నీళ్లు, అన్నం, బాత్రూమ్, బయటికి, చాలు. కావలసినదాన్ని పీకి తెచ్చి టీచరు చేతిలో పెట్టాలి. అవి మా పిల్ల కోసమేనని నాకు తెలుసు. అందరికీ శ్రమ పెడుతున్నామని నేను మొహమాటపడితే ఆవిడ హాలంతా చూపించారు. ఆ హాల్లో ఒమానీ పిల్లలున్నారు, మలయాళీలు, పాకిస్తానీలు, ఒక ఫిలిపినో పాప ఉంది. "మాట రానిది మీ శ్రావ్య ఒక్కదానికే అనుకుంటున్నవా? వీళ్లల్ల సగం మందికి ఒకరి మాట ఇంకొకరికి రాదు. అందరికి పనికొస్తయి" అన్నారు. నిజమే, అరబిక్ తప్ప ఇంకేమీ తెలియని ఒక ఒమానీ పిల్లాడు 'చాలు' కార్డుని జేబులో పెట్టుకు తిరిగేవాడు. అన్నం వద్దన్నప్పుడల్లా తీసి చూపించేవాడు. శ్రావ్య మొట్టమొదట తెచ్చింది నీళ్ల కార్డు. ఆ కబురు పెద్ద టీచర్ నాకు ఫోనులో చెప్పారు. వెంటనే దగ్గి, "ఇగ పెట్టేస్తున్న, పనున్నది" అని పెట్టేశారు.

ఆవిడ గాజుల సంగతి చెప్పాలి. రెండు చేతుల నిండా ఎర్ర మట్టిగాజులు వేసుకునేవారు. వాటి చప్పుడుతోనే ఆవిడ ఏ గదిలో ఉన్నదీ తెలిసేది. ఒకరోజు చూస్తే చేతులు బోసిగా ఉన్నాయి. పగిలిపోయాయా అని అడిగాను.

"తీసిన" అన్నారు. "మా ఆయన పోయినప్పుడు తియ్యమన్నరు బిడ్డా. మా అత్తగారోళ్లు, మా అమ్మ, అందరు అన్నరు. ఎందుకు తియ్యాలె, చిన్నప్పటిసంది నావే గద అన్న. తియ్యలె. ఇప్పుడు మీ పిల్ల కాడ చెయ్యి పెడితె ఆ చప్పుడుకు కండ్లు మూసుకుంటున్నది. రెండు దినాలు చూసిన. మూడో దినం తీసిన."

"వద్దండీ, అలవాటవుతుంది దానికి" అన్నాను.

"దానికెందుకు అలవాటు గావాలె? నేను పెద్దదాన్ని, నాకు అలవాటైతది." ఆ మాట అని, ఎవరో పిల్లాడి ముక్కు తుడవడానికి వెళ్లిపోయారు. శుక్రవారాలు మాత్రం, సెలవు గనక, వేసుకునేవారు. బజార్లో ఎప్పుడైనా కలిస్తే ముందు గాజులు వినిపించేవి.

ఇక ఆ నవంబరు నాటి సంగతి. ఒమాన్ నేషనల్ డే వేడుకకి నర్సరీ అంతా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ జెండాలు కట్టారు. ఒమానీ పిల్లలు పాదాల దాకా ఉండే తెల్లటి దిష్దాషాలు వేసుకుని చిన్న చిన్న టోపీలు పెట్టుకుని వచ్చారు. మిగతా పిల్లలకి మెళ్లో జెండా రంగుల కండువాలు. తల్లిదండ్రులందరినీ పిలిచారు. డోలు వాయించేవాళ్లు వస్తారని శ్రావ్యకి ముందే బొమ్మ చూపించి చెప్పారు, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు కూడా సిద్ధంగా ఉంచారు. కానీ బెలూన్ల మాట ఎవరికీ తట్టలేదు. ఎవరో తండ్రి సంబరంగా గుత్తి తెచ్చి గుమ్మానికి కట్టాడు. ఎండకి ఒకటి పేలింది. దాని వెంట ఇంకొకటి. పిల్లలంతా కేకలు, నవ్వులు. ఆ సందడిలో, వచ్చేవాళ్ల కోసం గేటు బార్లా తెరిచి ఉంది.

నేను ఆఫీసు నుంచి బయల్దేరిన మా ఆయనతో ఫోనులో మాట్లాడుతూ సందు మొదట్లో ఉన్నాను. లోపలికి వెళ్లేసరికి పెద్ద టీచర్ ముఖం చూశాను. అంతకుముందెన్నడూ ఆవిడ ముఖం అలా లేదు. "శ్రావ్య కనిపిస్త లేదు" అన్నారు. చుట్టూ తిప్పలేదు, సర్ది చెప్పలేదు, చెప్పేసి బూట్లతో సందులోకి పరిగెత్తారు.

ఆ తర్వాత కాసేపు నాకు సరిగా గుర్తులేదు. ఎండ గుర్తుంది. కార్ల హారన్లు గుర్తున్నాయి. నేను పేరు పెట్టి అరుస్తున్నాను, పిలిస్తే పలకని పిల్లని. రోడ్డుకి అవతల వైపు మా ఆయన కారు వదిలేసి పరిగెడుతున్నారు. అప్పుడే పెద్ద టీచర్ ఫోను మోగింది. రోడ్డు దాటకుండా, ఇటువైపే, రెండు సందుల అవతల ఒక లాండ్రీ షాపు ఉంది. అక్కడ పనిచేసేది జగిత్యాల వైపు మనిషి, ఊరి భాష కలవడం వల్ల ఆవిడకి బాగా తెలిసినవాడు. ఫోను స్పీకర్లో ఉంది. "అక్కా, పరేషాన్ గాకు. మీ బడి పిల్ల ఒకతి మా షాపుల ఉన్నది. మెషిన్ ముంగట కూసున్నది. నేను దగ్గరికి పోలే, ఏడుస్తదని. తలుపు కాడ నిలబడ్డ."

మేం వెళ్లేసరికి అతను నిజంగానే చేతులు రెండూ తలుపుకి అడ్డం పెట్టి, రోడ్డువైపు తిరిగి కాపలా నిలబడి ఉన్నాడు. లోపల పెద్ద మెషీన్ ముందు శ్రావ్య, మెళ్లో జెండా రంగుల కండువాతో. ఒంటి మీద గీత కూడా లేదు. దాన్ని ఎత్తుకుని నేను నేల మీద కూర్చుండిపోయాను. మా ఆయన ఆ మనిషి చెయ్యి పట్టుకుని వదల్లేదు. పెద్ద టీచర్ గోడకి చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకున్నారు.

ఆ వారంలోనే తల్లిదండ్రులంతా కలిసి మీటింగ్ అడిగారు. నర్సరీ లైసెన్సు ఒక ఒమానీ ఆవిడ పేరు మీద ఉండేది. ఆవిడ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఒక తండ్రి లేచారు. హైదరాబాద్ ఆయన, చెడ్డ మనిషి కాదు. ఇంగ్లీషులో నెమ్మదిగానే మాట్లాడారు. ఆ పాపంటే మాకేమీ కోపం లేదు, జాలే ఉంది, కానీ ఒక్క పిల్ల వెనక టీచర్లందరూ పరిగెడుతుంటే మా పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇలాంటి పిల్లలకి వేరే సెంటర్లు ఉంటాయి కదా అన్నారు. చాలామంది తలలూపారు. మా ఆయన నా చెయ్యి నొక్కి, "మానిపించేద్దాం పద" అన్నారు. నేను లేవబోయాను కూడా.

పెద్ద టీచర్ నిలబడ్డారు. కాగితం ఏదీ చేతిలో లేదు. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడారు, అచ్చం హన్మకొండ యాసలో ఉండే ఇంగ్లీషు.

"గేటు తెరిచి ఉంచింది నేను. అందువల్ల ఒక పిల్ల బయటికి పోయింది. ఆ రోజు శ్రావ్య పోయింది, ఇంకో రోజు మీలో ఎవరి పిల్లయినా పోవచ్చు. శ్రావ్యని తీసేస్తే గేటు మూసుకుంటుందా?" ఆవిడ గేటు వైపు వేలు చూపించారు. "గేటుకి పైన ఇంకో గడియ పెట్టించాను. బెలూన్లు ఇక ఉండవు. పండగ రోజున ఒక టీచరు గేటు దగ్గరే ఉంటుంది. ఇవి అందరి పిల్లల కోసం. ఇంకేం చెయ్యాలో చెప్పండి, చేస్తాను. పిల్లని పంపెయ్యమని మాత్రం చెప్పకండి. అది నేను చెయ్యలేను."

అందరూ ఒమానీ ఆవిడ వైపు చూశారు. ఆవిడ అబాయా సర్దుకుని లేచి, ఆ కొత్త గడియ ఎక్కడుందో తనకి చూపించమన్నారు. గేటు దాకా వెళ్లి, తనే రెండుసార్లు వేసి తీసి చూసుకుని, వెనక్కి వచ్చి, "పాప ఉంటుంది. ఖలాస్" అన్నారు.

ఆ నెలలో కొందరు పిల్లలు మానేశారు. హైదరాబాద్ ఆయన బిడ్డ కూడా. చాప మీద వాళ్ల చోటు ఖాళీగా కనపడితే నేను చూపు తిప్పుకునేదాన్ని. ఒకసారి పెద్ద టీచర్‌తో, "మా వల్లే కదండీ" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "ఇగో, ఈ మాట ఇంకోసారి అనకు. అది వింటది" అన్నారు. అది వింటుందని ఆవిడకి ఎప్పుడూ అనుమానం లేదు. నాకుండేది.

ఆ అనుమానం ఎలా తీరిందో చెబుతాను. ఒక గురువారం సాయంత్రం ఖురం దగ్గర సిగ్నల్లో కారు ఆగింది. వెనక సీట్లో నుంచి ఒక రాగం వినిపించింది. రేడియో అనుకున్నాను. రేడియో ఆపి ఉంది. శ్రావ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, నర్సరీలో బొమ్మలు సర్దేటప్పుడు పాడే పాటని మాటల్లేకుండా, ఒక్క మెట్టు తప్పకుండా కూనిరాగం తీస్తోంది. వీపు తిప్పి కూర్చున్న అన్ని నెలల పాట అది. గ్రీన్ సిగ్నల్ పడిందని వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. మా ఆయన కారు కదపలేకపోయారు. అక్కడి నుంచే పెద్ద టీచర్‌కి ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోను వెనక్కి పట్టుకున్నాను. పాట అయ్యేదాకా ఇద్దరం విన్నాం.

అద్భుతాలేవీ జరగలేదని చెప్పాలి. శ్రావ్య ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల. కొన్ని మాటలు వచ్చు, మిగతావి టాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి చెబుతుంది. మిక్సీ అంటే ఇప్పటికీ భయమే. మామూలు స్కూల్లో, మామూలు పిల్లలతో కలిసి చదువుతోంది. ఆ స్కూలువాళ్లతో మాట్లాడటానికి మాతో కూడా వచ్చింది పెద్ద టీచరే. అక్కడి టీచరు, "దీనికేం రాదో చెప్పండి" అని మొదలుపెట్టబోతే, ఈవిడ కుర్చీ ముందుకి జరుపుకుని, "ముందుగాల ఏమేం వచ్చో చెప్త, రాసుకోండి" అన్నారు. నేను బయటికి చూస్తూ నవ్వాపుకున్నాను.

పోయిన వేసవికి ముందు ఆవిడ హన్మకొండ వెళ్లారు. కడుపులో ఏదో నొప్పి, చూపించుకోవాలన్నారు. "చెల్లె ఇంట్ల ఉంట. సెలవులైపోయేసరికి ఈడనే ఉంట బిడ్డా" అన్నారు. నర్సరీ తాళాలు సహాయ టీచరుకి ఇచ్చి, గేటు పై గడియ ఒకసారి వేసి చూసి వెళ్లారట.

సెలవులైపోయాయి. ఆవిడ రాలేదు. వారానికోసారి వీడియో కాల్ చేసేవారు, నాకు కాదు, శ్రావ్యకి. ఎదుటి మనిషి ముఖంలోకి చూడటం దానికి కష్టమని, ఫోనుని మంచం మీద వెల్లకిలా పెట్టి, పైన తిరిగే ఫ్యాను చూపించేవారు. శ్రావ్య కదలకుండా ఆ ఫ్యానునే చూసేది. ఫ్యాను పక్కనుంచి గొంతు ఒకటి వచ్చేది. "తిన్నవా? పెరుగన్నమేనా? ఇయ్యాల బడిల ఏం పాట?" శ్రావ్య ఎప్పుడైనా ఒక మాట అనేది, ఎప్పుడైనా రాగం తీసేది. గొంతు సన్నబడటం నేను గమనించాను. అడిగితే, "ఈడ ఏసీల్లేవు గద, ఎండకు గొంతు పట్టింది" అన్నారు. నేను నమ్మాను. ఒకసారి ఫోను నా వైపు తిప్పుకుని, "టీచర్ గారూ, మిమ్మల్ని చూసి ఎన్నాళ్లయిందో, ఒక్కసారి కనపడండి" అన్నాను. "ఇది పిల్ల టైము. నీకు తర్వాత చేస్త" అన్నారు. చేయలేదు.

ఆ నెలలన్నీ ఆవిడ ముఖం నేను చూడలేదు. ఎంత చిక్కిపోయారో, జుట్టు ఉందో లేదో, నొప్పిగా ఉన్నప్పుడు నుదురు ఎలా ముడుచుకునేవారో నాకు తెలియదు. పిల్ల కోసం పెట్టిన ఫ్యాను వెనక ఆవిడ తనని తాను దాచుకున్నారా, లేక అదంతా నా ఊహేనా, అదీ తెలియదు. నాకు గుర్తున్నది బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తి నవ్విన ముఖమే. ఆ ముఖాన్ని ఇంకోసారి చూడాలని ఉంది. ఊరికే, పనేమీ లేకుండా, నర్సరీ గుమ్మం దగ్గర నిలబడి ఆవిడతో పిల్లల సంగతులు మాట్లాడాలని ఉంది. ఇవాళ శ్రావ్య తనంతట తాను జడ వేయమని అడిగిందని చెప్పాలని ఉంది. ఇలాంటివి చెప్పడానికి మనిషి కావాలి. విని, అందులో ఏముంది అనకుండా, అందులో ఏముందో తెలిసిన మనిషి.

శ్రావ్యకి ఎలా చెప్పాలో మాకు తోచలేదు. ఊరికి వెళ్లారని చెబుదామన్నారు మా ఆయన. ఆవిడైతే అలా చెప్పనిచ్చేవారు కాదు. అందుకని దాని పక్కన కూర్చుని చెప్పాను. "టీచర్‌కి జబ్బు చేసింది. చనిపోయారు. ఇంక ఫోను చేయరు." అది నా వైపు చూడలేదు. "చేయరు" అంది. కాసేపాగి మళ్లీ, "చేయరు." ఆ సాయంత్రమంతా గదులన్నీ తిరుగుతూ ఆ ఒక్క మాటే అంటూ ఉంది. ప్రశ్నో, జవాబో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం సాయంత్రం మేం కొందరం మత్రాలో సముద్రం ఒడ్డున కలిశాం. నర్సరీలో పూలదండ వేసిన ఫోటో పెడితే పిల్లలు బెదురుతారని, బయటైతే నయమని సహాయ టీచరు అంది. ఒమానీ ఆవిడ ఖర్జూరాలు, ఫ్లాస్కులో ఖహ్వా, అదే అరబ్బుల కాఫీ, తెచ్చారు. లాండ్రీ షాపతను డ్యూటీ మధ్యలో వచ్చి, నిలబడే ఉండి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. హైదరాబాద్ ఆయన కూడా వచ్చారు. రెయిలింగ్ పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ప్రసంగాలు చేయలేదు. పాత పిల్లలు, ఇప్పుడు పొడుగ్గా ఎదిగినవాళ్లు, పావురాల వెంట పరిగెత్తారు.

శ్రావ్య రాతి బెంచీ మీద ఒక చివర కూర్చుంది. సహాయ టీచరు వెళ్లి పక్కన కూర్చోబోతే, అది అరచెయ్యి చాచి ఆ ఖాళీ చోటు మీద బోర్లించింది. "టీచర్" అంది. ఆ అమ్మాయి వెంటనే వెనక్కి తగ్గింది. నేను వెళ్లాను. నన్నూ కూర్చోనివ్వలేదు. "టీచర్" అంది మళ్లీ, తగ్గు గొంతుతో, చెప్పవలసినది ఒక్కటే ఉన్నట్టు.

మేమంతా నిలబడే ఉన్నాం. ఓడల మీద దీపాలు వెలిగాయి. గాలికి దాని జడ ఊడి ముఖం మీద పడుతోంది. సరిచేసుకోవడానికి కూడా అది ఆ చెయ్యి అక్కడి నుంచి తీయలేదు.